ముక్కు లేపు

మా బావమరిది విమానం దించడు, పడేస్తాడు. నేల దగ్గరికొచ్చాక ముక్కు కాస్త పైకెత్తి, వెనక చక్రాల మీద మెల్లగా వాలాలి. వాడు అలాగే దూసుకొచ్చి ధబీమని కొడతాడు. విమానం కప్పలా గెంతుతుంది, చక్రాల కాళ్లు వంగిపోతాయి. వాటిని సాపు చేసేవాణ్ణి నేను. మా షెడ్డులో ఉన్నది ఆ బుల్లి విమానమొక్కటే. నా ఉద్యోగమూ అదే.

దాన్ని కొనిచ్చింది మా అత్తగారు. ఆవిడకంటే ముందు ఆవిడ ముక్కు గదిలోకి వస్తుంది. షెడ్డులో మేమిద్దరం ఆవిణ్ణి ముక్కు అనే అనుకుంటాం. 'ముక్కు వస్తోంది' అంటే చాలు, వాడు సిగరెట్టు ఆర్పేస్తాడు, నేను టీ గ్లాసు దాచి పానా పట్టుకుంటాను.

పోయినసారి రెక్క కొస నేలకు గీసుకున్న సంగతి ఆవిడ చెవిన పడింది. తనే ఎక్కి చూస్తానంది. ఈసారి ధబీమంటే విమానం అమ్మేస్తానంది. అంటే ఈ వయసులో, ఈ నడుంతో, నేను మళ్లీ నీళ్ల మోటార్లు విప్పుకుంటూ బతకాలి.

పక్కన కూర్చోవాల్సిన, వాడికి విమానం నడపడం నేర్పే మాస్టారికి సరిగ్గా ఆ పొద్దున్నే కడుపునొప్పి వచ్చింది. తెలివైనవాడు. ఆ సీట్లో నన్నెక్కించారు. అత్తగారు చేతిసంచి ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. దిగేటప్పుడు లేపమని, చూస్తానని చెప్పి, పైకి లేవగానే గురక మొదలుపెట్టింది.

నేల దగ్గరికొచ్చేసింది. వాడు మామూలుగానే బిగుసుకుపోయి కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట చెప్పాను.

"ముక్కు లేపు."

వాడు చేతిలో విమానం నడిపే కర్ర వదిలేసి వెనక్కి తిరిగి, వాళ్లమ్మ మోకాలు తట్టాడు.

"అమ్మా, లేమ్మా, దిగుతున్నాం."

"ఆ ముక్కు కాదురా, ఈ ముక్కు!"

రెండుసార్లు గెంతాం. మూడోసారి ముందు చక్రం విరిగి, ముక్కు నేలకు రాసుకుంటూ గడ్డిలోకి పోయి ఆగాం. నేను నాలుక కొరుక్కున్నాను. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

అత్తగారు దిగి కళ్లజోడు సవరించుకుని విమానం ముక్కు వైపు వేలు చూపించింది.

"అల్లుడూ, ఈ ముక్కంటే ఇది. మరి ఆ ముక్కెవరు?"

వాడు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. సొట్టపోయి పక్కకి తిరిగిన విమానం ముక్కును ఆవిడ చాలాసేపు చూసి, తన ముక్కు ఒకసారి తడుముకుంది.

"ఇలాంటి ముక్కుతో ఎవడు కొంటాడు? ముందు తిన్నగా చెయ్యి. అమ్మే మాట తర్వాత."

చేస్తూనే ఉన్నాను. పొద్దున ఒక పక్క నుంచి కొడతాను, సాయంత్రం ఇంకో పక్క నుంచి.