నలభై మిల్లీమీటర్లు లోపలికి

కొలతలక్క కొత్త చక్రాన్ని బోర్లా పడుకోబెట్టింది. అంచుల మీద ఇనుప బద్దను అడ్డంగా పెట్టి, అక్కణ్ణుంచి బోల్టులు బిగించే పళ్లెం దాకా టేపు దించింది. అలవాటు కొద్దీ రెండోసారి కూడా దించింది. చక్రం వెడల్పు గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఆ పళ్లెం చక్రం నడిమి గీతకి ఎంత ఇవతల ఉంది, ఎంత అవతల ఉంది అన్నదే అసలు సంగతి. దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. అది తప్పితే చక్రం బయటికి పొడుచుకొచ్చి మడ్‌గార్డును కోస్తుంది, లేదా లోపలికి చొచ్చుకుపోయి కంటికి కనపడనిదేదో కోస్తుంది.

ఈ విద్య ఆవిడకి మొగుడి వల్ల వచ్చింది. ఆయనేమీ ముచ్చటపడి నేర్పలేదు. చత్వారం వచ్చి అంకెలు ఆనకపోతే, చదివి చెప్పమని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తప్పు చదివితే వీల్ స్పానర్‌తో వేళ్ల మీద కొట్టేవాడు. ఎడమచేతి చిటికెనవేలు అలాగే వంకరపోయింది. ఆయన పోయినప్పుడు లోకం కోసం ఏడవాల్సినంత ఏడ్చి, వారం తిరక్కుండా ఆయన స్టూలు మీదకొచ్చి కూర్చుంది. ఇరవై రెండేళ్లలో ఆవిడ కొలిచిన చక్రం ఒక్కటీ వెనక్కి రాలేదు. చక్రాలు బిగించే ఆ షాపులో మగాళ్లంతా ఆవిడ టేపు ముందు నోరు మూసుకుంటారు, ఓనరుతో సహా.

పదకొండేళ్లు చిన్నదైన చెల్లెల్ని తనే పెంచింది. తన మొగుడిలాంటివాడు రాకూడదని ఏరికోరి నవ్వుమొహం వాణ్ణి చూసి పెళ్లి చేసింది. నవ్వుమొహమే, అందులో అబద్ధం లేదు. నవ్వుతూనే కొడతాడు. ఈ చక్రాలు తెచ్చింది ఆ మరిదే. కారు పాతకాలంది. డొక్కుగా కొని, ఎత్తు తగ్గించి, ఎర్రరంగు వేయించాడు. నాలుగు చక్రాల బ్రేకులకీ కలిపి దానికి ఒకటే గొట్టం వరస. ఎక్కడ తెగినా బ్రేకు మొత్తం పోతుంది.

"తొందరగా పెట్టెయ్ వదినా. సాయంత్రానికి కొండెక్కాలి, పందెం ఉంది. మీ చెల్లెల్ని రెండ్రోజులు నీ దగ్గరుంచుకో," అన్నాడు మరిది.

"ఇవి నీ కారుకి రావు. నలభై మిల్లీమీటర్లు లోపలికి పోతున్నాయి. స్టీరింగ్ మొత్తం తిప్పితే టైరు..."

"బోల్టులు పడుతున్నాయిగా. బిగించు."

"అక్క చెప్పేది వినండి," అంది చెల్లెలు.

చెవి మీద కొట్టాడు. చేతిలో ఉన్న తాళాల గుత్తి చెవి కింద చర్మాన్ని చీల్చింది. ఆమె విప్పి పెట్టిన పాత చక్రాల మీద పడింది. గాలి మిషను దగ్గరున్న ఫిట్టర్లు ఇద్దరూ తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డారు.

"నిన్నెవరడిగారే," అన్నాడు నవ్వుతూ.

కొలతలక్క చెప్పబోయిన మాటను మింగేసి పనికి దిగింది. జాకీ మీద వేలాడుతున్నప్పుడు టైరుకీ బ్రేకు గొట్టానికీ మధ్య వేలు పట్టే సందు ఉంది. బండి కిందికి దిగి మనిషి బరువు పడితే అక్కడ కాగితం కూడా పట్టదు. కొండ మలుపులో స్టీరింగ్ తిరిగినప్పుడల్లా టైరు ఆ రబ్బరు గొట్టాన్ని గీరుతుంది. పది మలుపులు, మహా అయితే పదిహేను. పీడ విరగడైపోతుంది. నిజం చెప్పాలంటే ఆవిడకి సంతోషంగా ఉంది. మొగుడు బతికుండగా తనకు ఈ ఆలోచన ఎందుకు రాలేదా అని కూడా అనుకుంది.

చేతులు తుడుచుకుని తలెత్తేసరికి, చెల్లెలు చెవికి గుడ్డ అదుముకుని కార్లో కూర్చుని ఉంది.

"నువ్వెక్కడికే?"

"మనసు మార్చుకుని నన్నూ రమ్మంటున్నారక్కా. ఇప్పుడు కాదంటే వచ్చాక ఇంకా కొడతారు."

కొలతలక్క పరుగున వెళ్లి మరిది వైపు తలుపు పట్టుకుంది. "ఆగు. టైరు బ్రేకు గొట్టానికి తగులుతుంది. విప్పేస్తాను."

"బిగించేటప్పుడు తగల్లేదా? చెల్లెల్ని ఆపడానికి నాటకాలా?" అంటూ తలుపుతోనే ఆవిణ్ణి ఒక్క తోపు తోశాడు. నేల మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది. లేచి వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడింది. గేటు అవతల రోడ్డు ఏటవాలుగా దిగి లారీల దారిలో కలుస్తుంది.

"అయితే స్టీరింగ్ మొత్తం తిప్పి ఇక్కడే పది చుట్లు కొట్టి చూపించు. అందరూ చూస్తారు. తగలకపోతే నాకు పని రాదని ఒప్పుకుంటాను."

ఆ మాట అతనికి నచ్చింది. నలుగురి ముందు ఆవిడ నోరు మూయించడం కంటే కావలసిందేముంది? యార్డులో గిరగిరా తిప్పాడు. మూడో చుట్టుకి రబ్బరు కాలిన వాసన వేసింది. ఆరో చుట్టుకి నేల మీద బ్రేకు ఆయిలు తడి గీత పడింది. ఆవిడ చెయ్యెత్తి, "చాలు, ఆపు," అంది. అతను ఇంకాస్త వేగం పెంచి, గేటు దాకా వచ్చి, ఆవిణ్ణి బెదరగొడదామని చివరి క్షణంలో బ్రేకు తొక్కాడు. కాలు నేలదాకా పోయింది. తప్పుకోవడానికి ఆవిడకి వ్యవధి ఉందని ఫిట్టర్లు తర్వాత చెప్పుకున్నారు. కార్లో చెల్లెలుంది, గేటు వెనక ఏటవాలు. ఆవిడ తప్పుకోలేదు. అతను స్టీరింగ్ పక్కకి లాగాడు, కారు ఆవిణ్ణి గేటు స్తంభానికి అదిమి ఆగింది.

చెల్లెలు దిగి వచ్చి అక్క తల పట్టుకుంది.

"గొట్టం తెగిందా?"

"తెగిందక్కా."

"ఇంకెప్పుడూ ఎక్కకు."

"ఎక్కను."

ఫిట్టర్లు జాకీ తెచ్చి కారును వెనక్కి నెట్టేలోపే ఆవిడ ఊపిరి ఆగిపోయింది. "నా తప్పేం లేదు, బ్రేకు పడలేదు," అంటున్నాడు మరిది. ఆ మొహాన నవ్వు లేకపోవడం అందరూ మొదటిసారి చూశారు. చెల్లెలు వీల్ స్పానర్ తీసుకుని అతని కుడి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. రెండోసారి మోకాలి మీద కొట్టింది. ఎవరూ అడ్డం వెళ్లలేదు.

ఆమె అక్క శవంతోపాటు ఆస్పత్రి వ్యాన్‌లో వెళ్లిపోయింది. తర్వాత మొగుడి గడప తొక్కలేదు. కారు కోసం ఎవరూ రాలేదు. గేటు పక్కనే ఉండిపోయిన ఆ ఎర్రకారుకి, చెల్లెలు దిగిన వైపు తలుపు తెరిచే ఉంది.