మూడు జాబితాల్లోనూ ఉన్న పిల్ల

విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఎందరో సోమవారంలోగా ఒకే అంకె తేల్చకపోతే ఇంజనీరమ్మ కాంట్రాక్టు రద్దవుతుంది. అన్ని విభాగాల లెక్కలూ ఒకచోట చేర్చే డేటా వేర్‌హౌస్ కట్టడం ఆమె పని. పరీక్షల విభాగం, హాస్టల్, లైబ్రరీ ఒకే విద్యార్థికి తలా ఒక నంబరు ఇచ్చాయి. ఎవరి నంబరు వాళ్లకు ముద్దు. చివరికి, మూడు జాబితాల్లోనూ ఒకే నంబరుతో ఉన్నవాళ్లే విద్యార్థులని ముగ్గురు అధికారులూ సంతకాలు పెట్టారు.

తొమ్మిది వేల మందిలో ఒక్క అమ్మాయి మిగిలింది. ఇంజనీరమ్మ కాళ్లీడ్చుకుంటూ వెళ్లి రిజిస్ట్రార్‌కు కాగితం చూపించింది.

"ఒక్కతేనా? పాసైందా?"

"అయింది సార్."

"అంటే నూటికి నూరు శాతం. నా సర్వీసులో ఇలాంటి రిపోర్టు చూడలేదమ్మా."

"ఆమెకు ఇదే ఆఖరి సంవత్సరం సార్. వెళ్లిపోతే సున్నా."

రిజిస్ట్రార్ కళ్లద్దాలు తీశాడు. "అదెలా కుదురుతుంది? ఏదో ఒక కోర్సులో చేర్పించు తల్లీ. ఆ పిల్ల ఇక్కడున్నన్నాళ్లూ నీ కాంట్రాక్టుకు ఢోకా లేదు."

ఇంజనీరమ్మ ఏడు కోర్సుల దరఖాస్తులు పట్టుకుని హాస్టల్‌కు వెళ్లింది. ఆ అమ్మాయి పెట్టె సర్దుకుంటోంది.

"కాసేపు కూర్చోమ్మా," అంది ఇంజనీరమ్మ. "భూగర్భశాస్త్రం మీదికి నీకెప్పుడైనా మనసు పోయిందా?"