తాళాలాయన ఊపిరి

శనివారం మధ్యాహ్నం మిషన్లు ఆగగానే కుట్టుపని కంపెనీలో అందరూ ఇళ్లకి పరుగు తీస్తారు. కోడలు మాత్రం రెండు వీధుల అవతల ఉన్న కమ్యూనిటీ హాలుకి వెళుతుంది. అక్కడ చాప మీద వెల్లకిలా పడుకుని అల్లుడుగారు ఎదురుచూస్తుంటాడు.

కంగారు పడకండి. అల్లుడుగారంటే రబ్బరు బొమ్మ. నడుం దాకానే ఉంటాడు, కాళ్లు లేవు. ప్రథమ చికిత్స నేర్పే సైరన్ బాబాయి ఆ పేరు పెట్టాడు. "ఒక్క పని చెయ్యడు, పడుకునే ఉంటాడు, చుట్టూ అందరూ మోకాళ్ల మీద కూచుని సేవలు చెయ్యాలి. అల్లుడు కాక మరెవరు?" అంటాడు. బాబాయి ఒకప్పుడు అంబులెన్సు నడిపేవాడు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

అల్లుడుగారికి ఒక గుణం ఉంది. నేర్చుకునేవాళ్లు నోట్లో ఊదిన ఊపిరిని లోపల దాచుకుంటాడు. ఎప్పుడో ఊదినదాన్ని, ఇవాళ ఎవరో ఛాతీ నొక్కితే బయటికి వదులుతాడు. ఒకసారి ఉల్లిపాయ వాసన, ఒకసారి చుట్ట కంపు, ఒకసారి ఏ ఆడపిల్లో ఆపుకోలేక నవ్విన నవ్వు. "పాత ఊపిరిలే, మీ పని మీరు కానివ్వండి," అంటాడు బాబాయి. వాళ్లూ కానిస్తారు.

కోడలు ఈ క్లాసుకి ఇష్టపడి రాలేదు. కంపెనీలో ప్రతి వరస నుంచీ ఒకరు నేర్చుకుని తీరాలన్నారు. కాజాలు కుట్టే వరసలో ఎవరూ ముందుకి రాలేదు. ఈవిడకి నోరు లేదు కదా అని ఈవిణ్ని తోసేశారు. మొదటిరోజు విసుగ్గా మోకాళ్ల మీద కూచుని, చెయ్యి మీద చెయ్యి వేసి అల్లుడుగారి ఛాతీ నొక్కింది.

ఉఫ్ మని ఒక పొట్టి ఊపిరి పెదవుల దాకా వచ్చి, ఆమె మొహానికి తగిలీ తగలకుండా తగిలి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. లవంగం వాసన.

అది ఆమె మొగుడి ఊపిరి. వేరే ఎవరిదైనా అయితే పోల్చుకోలేకపోయేదేమో గానీ, దాన్ని పోల్చుకోకపోవడం ఆమె వల్ల కాదు. ఆయన తాళాలు బాగుచేసేవాడు. ఏ తాళం చేతికొచ్చినా ముందు కన్నంలో ఉఫ్ మని ఊది, దుమ్ము పోయాక గానీ తాళంచెవి పెట్టేవాడు కాదు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. సాయంత్రం తలుపు బయట నిలబడి తాళం కన్నంలో ఊదేవాడు, అది విని లోపల అత్తాకోడళ్లు టీ పెట్టేవాళ్లు. కళ్లజోడు మీద ఊదేవాడు, వేడి టీ మీద ఊదేవాడు, పెళ్లాం వంచిన తల ఎత్తకుండా కూరగాయలు తరుగుతుంటే వెనకనుంచి వచ్చి జడ పక్కకి జరిపి మెడ మీద ఊదేవాడు. పంటినొప్పి ఉన్నా లేకపోయినా బుగ్గన ఒక లవంగం ఉండాల్సిందే.

ఒకసారి బజారులో షాపులవాళ్లకి బాబాయి ఇదే అల్లుడుగార్ని పెట్టుకుని ఈ క్లాసే చెప్పాడు. మిగతావాళ్లు సంతకాలు పెట్టి మెల్లిగా జారుకుంటే ఈయనొక్కడూ చివరిదాకా కూచున్నాడు. ఇంటికొచ్చి తలగడ మీద చేసి చూపించాడు. "నువ్వూ నేర్చుకోవే," అన్నాడు.

"నాకెందుకు, నువ్వున్నావుగా," అంది.

ఆ తర్వాత ఒకరోజు కొట్లో స్టూలు మీంచి కూలబడిపోయాడు. జనం బాగానే పోగయ్యారు. మొహాన నీళ్లు కొట్టారు, అరికాళ్లు రుద్దారు, ఎవరో తాళాలగుత్తి తీసి చేతిలో పెట్టి పిడికిలి బిగించారు. ఆ కొట్లో తాళాలకేం లోటు. ఛాతీ మీద చెయ్యి వేసినవాడు ఒక్కడూ లేడు. ఎలా వెయ్యాలో తెలిసినవాడు ఆ బజారు మొత్తానికీ ఒక్కడే, వాడు కింద పడి ఉన్నాడు.

ఇప్పుడు కోడలికి అన్నీ వచ్చు. రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టడం వచ్చు. చెయ్యి కాల్చుకుని టూత్‌పేస్టు పూసుకోబోయిన పక్కింటావిణ్ని లాక్కెళ్లి కుళాయి నీళ్ల కింద నిలబెట్టిందీ ఆవిడే. రానిదల్లా ఒక్కటే, ఛాతీ నొక్కడం.

"అలా జోకొట్టకు తల్లీ, అల్లుడుగారు నిద్రపోతాడు," అని అరిచేవాడు బాబాయి. "గట్టిగా నొక్కమ్మా. ఎముకలున్నాయని భయపడకు."

ఆమె భయం ఎముకల గురించి కాదు. మెల్లిగా నొక్కితే ఆ ఊపిరి పెదవుల దాకా వచ్చి వెనక్కి వెళుతుంది. గట్టిగా నొక్కితే మొత్తం బయటికొచ్చేసి హాల్లో ఫ్యాను గాలిలో కలిసిపోతుంది. ఆయనది లోకంలో మిగిలింది ఆ ఒక్కటే. అందుకని ప్రతి పరీక్షా తప్పి, మళ్లీ శనివారం హాజరయ్యేది. కూడా చేరినవాళ్లందరూ సర్టిఫికెట్లు పుచ్చుకుని ఎప్పుడో వెళ్లిపోయారు.

ఇంట్లో అత్తగారికి చెప్పింది. ఆవిడ వెల్లుల్లి ఒలుస్తూ వింది.

"లవంగం వాసన వచ్చిందా?"

"వచ్చిందత్తయ్యా."

"చిన్నప్పుడు నన్ను నిద్రలేపడానికి చెవిలో ఊదేవాడు వెధవ," అంది. కాసేపు ఒలిచిన రెబ్బనే మళ్లీ ఒలిచింది. "నాకూ కాస్త తెచ్చిపెట్టవే."

"అది గిన్నెలో పెట్టి తెచ్చేదా అత్తయ్యా," అంది కోడలు. కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. అప్పట్నుంచి శనివారం సాయంత్రం కోడలు రాగానే, ఏమైనా అంటుకుని వచ్చిందేమోనని ఆవిడ కోడలి మొహం దగ్గరికి మొహం పెట్టి వాసన చూసేది.

ఒక శనివారం బాబాయి చల్లగా ఒక మాట చెప్పాడు. "వచ్చేవారం అల్లుడుగారికి కొత్త ఊపిరితిత్తులు. లోపలి సంచీ పాతదైపోయింది, మార్పించేస్తున్నా."

కోడలు అందరూ వెళ్లేదాకా ఆగింది. తర్వాత వంగి, బొమ్మ నోటికి నోరు ఆనించి, ఒక చేత్తో ఛాతీ నొక్కింది. ఊపిరి వచ్చింది. మొత్తం లోపలికి లాక్కుని పెదవులు బిగించేసింది.

బాబాయి చాప చుడుతూ చూశాడు. "మీవారిదా?"

తలూపింది.

"మెల్లిగా వెళ్లు తల్లీ. దగ్గొస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకో," అన్నాడు, ఎప్పుడూ లేనిది నెమ్మదిగా.

బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే వేలితో చూపించింది. "ఊపిరి మోసుకెళ్తున్నారా? ముందు సీట్లో కూచోండమ్మా, వెనక కుదుపులెక్కువ," అని టికెట్టు చింపి ఇచ్చాడు. ముక్కుతో పైపైనే గాలి పీల్చుకుంటూ కూచుంది. ఉన్నది ఒక్క ఊపిరి, ఆశపడేవాళ్లు ఇద్దరు. అత్తగారి చెవిలో ఊదితే తనకేమీ మిగలదు. అయినా ఊదాలనే అనుకుంది, ఆవిడ కన్నతల్లి. నాలుక మీద ఆ లవంగం రుచి కాసేపు ఉంది కదా, తనకది చాల్లే అని సర్దిచెప్పుకుంది. చాలదని తెలుసు.

వాళ్లుండేది రెండో అంతస్తు. మొదటి అంతస్తు ఎక్కేసరికి మెట్ల మలుపులో జనం. నెలనెలా కరెంటు మీటర్లు చూసి బిల్లులిచ్చే మనిషి మీటర్ల కిందే పడిపోయి ఉన్నాడు. కిందింటాయన మొహాన నీళ్లు కొడుతున్నాడు. పక్కింటావిడ తన తాళాలగుత్తి తెచ్చి అతని చేతిలో పెట్టి పిడికిలి మూస్తోంది.

కోడలు ఆ పిడికిలి చూసింది. ఇంకొక్క అంతస్తు ఎక్కితే ఇల్లు. పైన రెయిలింగు పట్టుకుని అత్తగారు తొంగి చూస్తోంది. పక్కనుంచి వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు. ఒక్క క్షణం ఆమెకి వెళ్లిపోవాలనే అనిపించింది, ఆ మాట దాచడమెందుకు.

మోకాళ్ల మీద కూలబడింది. తాళాలు లాగి అవతల పారేసింది. భుజాలు తట్టింది, పలకలేదు. ఛాతీ వంక చూసింది, కదల్లేదు. కిందింటాయన్నే వేలితో చూపించి, చెయ్యి చెవి దగ్గర పెట్టి సైగ చేసింది. ఆయన అంబులెన్సుకి ఫోను చేశాడు. ఆమె ఛాతీ మధ్యలో చెయ్యి మీద చెయ్యి వేసి నొక్కడం మొదలుపెట్టింది. మోచేతులు వంచకుండా, గట్టిగా, ఇన్ని శనివారాలు నొక్కనిదంతా కలిపి నొక్కింది. నోరు మాత్రం తెరవలేదు.

తర్వాత అతని తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసింది. వంగి, నాలుక మీద లవంగం రుచి ఆఖరిసారి చూసుకుంది. ఊదేసింది.

ఛాతీ లేచింది. మెట్లన్నీ లవంగం వాసన కొట్టాయి. పైన అత్తగారు కళ్లు మూసుకుంది. రెండో ఊపిరి కోడలు తనది ఊదింది, మళ్లీ నొక్కింది, మళ్లీ ఊదింది. అంబులెన్సు వాళ్లు వచ్చి పక్కకి జరగమనేదాకా ఆపలేదు. స్ట్రెచరు దించుతుంటే అతని వేళ్లు కదిలాయి.

అందరూ వెళ్లిపోయాక కోడలు మెట్టు మీద కూచుని భోరుమంది. అత్తగారు ఒక్కో మెట్టూ దిగి వచ్చి పక్కన కూచుంది.

"మీకోసమే తెస్తున్నానత్తయ్యా."

"చూశాను."

"ఇంక లేదు. మొత్తం అయిపోయింది."

"గట్టిగా నొక్కావు. అదీ చూశాను," అంది అత్తగారు. "లే, మొహం కడుక్కుందువుగాని."

తర్వాతి శనివారం అల్లుడుగారి దగ్గర కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చింది. కోడలు నొక్కింది, పాసయింది. పాసై ఏడ్చినవాళ్లని ఇంతవరకూ చూడలేదని బాబాయి ఇప్పటికీ చెబుతుంటాడు.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం తలుపు వేసుకుని ఇద్దరూ టీ తాగుతున్నారు. బయట అడుగుల చప్పుడు ఆగింది. తాళం కన్నంలోంచి, ఉఫ్.

అత్తగారి చేతిలో గ్లాసు ఒలికింది. "తలుపు తియ్యవే."

మీటరాయన బిల్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. థాంక్స్ చెబుదామని వచ్చినవాడు ముందు సంజాయిషీ చెప్పుకున్నాడు. "ఏమనుకోకండమ్మా. ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ తాళం కన్నం కనపడితే ఊదాలనిపిస్తోంది. మా ఆవిడ ఒకటే తిట్టడం."

"తిట్టొద్దన్నానని చెప్పు నాయనా," అంది అత్తగారు.

పగలంతా బార్లా తెరిచి ఉండే ఆ తలుపు, అప్పట్నుంచీ బిల్లు వచ్చే రోజున మాత్రం మూసి ఉంటుంది. అత్తగారు పొద్దున్నే తాళం వేసేసి, తలుపు వెనక పీట వేసుకుని, కన్నానికి చెవి ఆనించి కూచుంటుంది. ఆ రోజు కోడలు కంపెనీకి సెలవు పెడుతుంది. వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారి మొహం చూస్తుంది. ఆ మొహంలో కనపడినంతే ఆమె వంతు.

ఈ నెల మెట్ల మీద అడుగులు వినపడగానే అత్తగారు మోకాళ్లు పట్టుకుని పీట మీంచి లేచింది.

"ఎప్పుడూ నేనేనా. ఇవాళ నువ్వు కూచో, నేను టీ పెడతా," అని వంటింట్లోకి వెళ్లి, వెనక్కి తిరిగి చూడకుండా స్టవ్ వెలిగించింది.

కోడలు పీట మీద కూచుంది. కూచుని, ఒక్క క్షణం ఆలోచించి, తలుపుకి వీపు తిప్పింది. జడ పక్కకి తీసి, తల వంచి, మెడని తాళం కన్నానికి దగ్గరగా పెట్టింది.

బయట అడుగులు ఆగాయి. అతను వంగాడు.