అంచు చివర దిష్టిచుక్క

కంప్యూటరుకు మూలం మగ్గమేనని భివండి కామత్‌ఘర్‌లో కంప్యూటర్ క్లాసులో చేరిన మొదటి రోజే చెప్పారు. రెండు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో ఎవరో చిల్లులు పొడిచిన అట్టలు మగ్గానికి కట్టి పూలు నేశారట. వాటిని చూసే తర్వాతివాళ్లు లెక్కల యంత్రాలకు చిల్లుల కార్డులు పెట్టారట. సారు నోట్సు చెబుతుంటే నేను ఉప్పొంగిపోయాను. మా బాపు యాదయ్య మరమగ్గాల ఊరు భివండికి వలసొచ్చి ఇరవై ఏళ్లుగా చిల్లులు కొడుతున్నది ఆ అట్టలకే.

ఇంటికొచ్చి చెబితే, "గట్లనా? అయితే నీ కంప్యూటర్ నాకు మనుమరాలైతది" అని నవ్వాడు బాపు. ఆ మనుమరాలే తాత నోటికాడి కూడు లాక్కుంటుందని మాకేం తెలుసు!

2002లో బాపు పనిచేసే కార్ఖానాకు కంప్యూటర్ వచ్చింది. సేటు పేరు భూషణ్. ఆయనదీ మా కరీంనగర్ వైపే. సేటయ్యాక ఊరి పేరెత్తడం మానేశాడు, అది వేరే సంగతి. బాపు కొట్టిన అట్టలు చూసి తెర మీద గడులు నింపే పని సేటు నాకిచ్చాడు. ఒక చిల్లుకు ఒక గడి. నలభై మూడు డిజైన్లకు నాలుగు నెలలు పట్టింది.

మొదటిదాంట్లోనే అంచు చివరి ఆకు కింద ఒక చిల్లు ఎక్కువుంది. అది పువ్వుదీ కాదు, ఆకుదీ కాదు. రెండోదాంట్లోనూ అదే చోట, మూడోదాంట్లోనూ అదే చోట. తప్పు చిల్లనుకున్నాను. బాపుకు చూపు మందగించింది, సేటుకు తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు, అడిగితే బాపు చిన్నబుచ్చుకుంటాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా ప్రతిదాంట్లో ఆ గడి తుడిచేసి సేవ్ చేశాను. చదువుకున్న బిడ్డను కదా, తండ్రి పరువు కాపాడుతున్నాననుకున్నాను. నా తెలివి తెల్లారినట్లే ఉంది.

పని పూర్తికాగానే అట్టలన్నీ పాత కాగితాలు కొనే రద్దీవాడికి పోయాయి. సేటు ఆ డిజైన్లను ఈమెయిల్‌లో సూరత్‌వాళ్లకు అమ్మడం మొదలుపెట్టాడు. తర్వాత బాపును పైకి, నా కంప్యూటర్ ఉన్న గదికి పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు.

"అట్టలు పోతే పోనియ్ సేట్. కొత్త డిజైన్లు నేనే గీస్త. గవన్నీ నేను గీసినయే గదా," అన్నాడు బాపు.

"మా నాయిన తెప్పించిన బొమ్మలవి. నువ్వు ఒట్టిగ చిల్లులు కొట్టినవ్. నీవే అనేటందుకు నిశానీ ఏంది? చూపెట్టు, నౌకరీ ఉంటది."

బాపు ముఖం వెలిగింది. "ఉన్నది సేట్. పసిపిల్ల బుగ్గకు పెట్టినట్టు, ప్రతిదానికి ఆఖరి ఆకు కింద దిష్టిచుక్క పెట్టిన. బట్ట మీద ఒక్క పోగు కంటికానది, చిల్లులల్లనే దొరుకుతది. బయటికి చెప్తే దిష్టి ఆగదని ఇంట్ల సుత చెప్పలే. కళా, తెరువు బిడ్డా."

మౌసు పట్టుకుని మొదటి డిజైను తెరిచాను. ఆకు కింద ఏమీ లేదు. ఇంకోటి తెరవమన్నాడు, ఇంకోటి అన్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని తెరకు ముక్కు ఆనించి వెతికాడు.

"ఉండె సేట్. నేనే తీసేసిన," అన్నాను.

"తండ్రి కోసం బిడ్డ గట్లనే అంటది తియ్," అని సేటు నవ్వాడు. "నీ పని మాత్రం సాఫ్ ఉన్నది కళా. సోమవారం నుంచి నీ నౌకరీ పక్కా."

కనేరి పేటలో మేముండే ఒంటిగది ఖోలీ దాకా నడిచే వచ్చాం. ఆటోవాళ్లు ఆగి పిలిచినా బాపు వినలేదు. గల్లీ మలుపులో ఆగాడు.

"ఎందుకు తీసినవ్ బిడ్డా?"

"నీకు తప్పు పడ్డదనుకున్న బాపూ."

చుట్టూ సాంచాలు, అవే మరమగ్గాలు, మోగుతున్నాయి. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నలభై మూడింటిల, ఒక్క జాగలనే తప్పు పడ్తదా?" అన్నాడు.

సోమవారం నేనొక్కదాన్నే పనికి వెళ్లాను.