పగులు మీద పూసిన మట్టి

టర్కీలోని కపడోకియాలో కొండను తొలిచి కట్టుకున్న ఆ పాత ఊరు ఖాళీ అయి యాభై మూడేళ్లయింది. ఆ తర్వాత జెకియే అక్కడ అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. రావాలని ఆమెకు లేదు. కానీ పక్కింటి నజ్మియే, ఎనభై ఏళ్ల మనిషి, కన్ను మూసేలోగా తన పాత ఇల్లు చూడాలని పట్టుబట్టింది. కుడికాలు ఈడుస్తూ నడిచే ఆమెకు చెయ్యందించే తోడు కావాలి. కాదనడానికి జెకియేకి నోరు రాలేదు. ఆ కాలు అలా అయింది తన వల్లే.

ఇప్పుడు పర్యాటకుల కోసం పెట్టిన గేటు దగ్గర టికెట్ అడిగితే నజ్మియే చేతికర్ర ఎత్తింది. "మా ఇంటికి మేం పోవడానికి టికెట్ ఏమిటయ్యా?" గేటు మనిషి నవ్వి వదిలేశాడు.

అరిగిపోయిన రాతి మెట్లెక్కి చేరేసరికి, ఇంటి వెనక సగం లేదు. ముందు గదిలో నేల తొలిచి చేసిన ద్రాక్ష తొక్కే తొట్టి మాత్రం మిగిలింది. నజ్మియే దాని అంచున కూలబడి చనిపోయిన మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. రిఫత్ కొట్టుగది కోసం వెనక గోడ తవ్వబట్టే కొండ కూలిందని ఊరంతా అనేది. పోయేదాకా అతన్ని కొత్త ఊరి టీకొట్టులో 'కొండ కూల్చినోడు' అనే పిలిచేవాళ్లు. జెకియే ఆ మాట వందసార్లు విని తల దించుకుంది. ఇవాళ ఆ విరిగిన గోడ ముందు వినలేకపోయింది.

"రిఫత్ బావ కాదక్కా. నేను."

ఆ ఏడు అధికారులు వచ్చి, పగుళ్ల మీద గాజుముక్కలు అతికించి, అవి పగిలితే కొండ కదులుతున్నట్టే, వెంటనే చెప్పమన్నారు. అప్పుడు ఊరు ఖాళీ చేయిస్తారు. మూడో రోజే తమ రెండిళ్ల మధ్య గోడ మీది గాజు పగలడం పదిహేనేళ్ల జెకియే చూసింది. వెళ్లిపోతే గూళ్లలో తను పెంచుకుంటున్న పావురాలు ఏమైపోతాయోనని, రాతిపొడి తడిపి పగులు మీద పూసేసింది. పదకొండో రోజున ఆ గోడ, దాంతోపాటు వెనక కొండా కూలి నజ్మియే కాలు నలిగింది.

నజ్మియే చేతికర్రతో ఆ విరిగిన గోడను తడిమింది.

"నా కాలు సంగతి వదిలెయ్," అంది. "ముప్పై ఏళ్లు ఆయన్ని దెప్పానే. ఒక్కరోజు ఎదురు చెప్పలేదు. తనే చేశానని నమ్ముకునే పోయాడు."

జెకియే ఆమె కాళ్లు పట్టుకోబోయింది.

"నాకొద్దు. ఆయన్ని చూసి నవ్వినవాళ్ల ముందు చెప్పు."

దిగేటప్పుడు నజ్మియే ఆమె చెయ్యి పట్టుకోలేదు, గోడ పట్టుకుంది. జెకియే చేతులు చాచి, ఒక మెట్టు కిందుగా వెనక్కి నడిచింది.

ఆ సాయంత్రమే ఆడవాళ్లు అడుగు పెట్టని టీకొట్టులోకి జెకియే వెళ్లింది. ఆట ఆపి చూస్తున్న మగవాళ్ల ముందు నిలబడి, పావురాలతో సహా అంతా చెప్పింది. రిఫత్‌కి ఆ పేరు పెట్టిన ముసలాయన టీ వదిలేసి లేచిపోయాడు. గుమ్మం బయట నిలబడి విన్న నజ్మియే తన దారిన ఇంటికి పోయింది.

ఆ చలికాలమంతా ఆమె జెకియే గడప తొక్కలేదు. జెకియే మాత్రం రోజూ పొద్దున్నే పొయ్యికట్టెలు తెచ్చి ఆమె గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టకుండా తిరిగొచ్చేది. మధ్యాహ్నానికి కట్టెలు లోపలికి పోయేవి.