రెండు వందల పన్నెండో ప్రశ్న

నీళ్ల సరఫరా ఆఫీసు గోడకు టైపిస్టు పోస్టు పరీక్ష ఫలితాల జాబితా అంటించిన రోజున టైపిస్టు అక్క తన నంబరు కోసం మూడుసార్లు వెతుక్కుంది. చివరికి దొరికింది, కాకపోతే ఎంపికైనవాళ్ల కింద గీసిన గీతకు దిగువన. గీత డెబ్బై ఒక్క మార్కుల దగ్గర ఆగింది. ఆమెకు వచ్చినవి డెబ్బై. ఒక్కటంటే ఒక్క మార్కు! వచ్చే నెలకు ఆమెకు నలభై నిండుతాయి. నలభై దాటినవాళ్ల అప్లికేషన్‌ను ఆ ఆఫీసులో ముట్టుకోను కూడా ముట్టుకోరు. ఇక మరో పరీక్ష లేదు. జీవితాంతం తను పనిచేసే ట్యుటోరియల్‌లో, టైర్ల దుకాణం మేడ మీద, రబ్బరు కంపు పీలుస్తూ ప్రశ్నలు టైపు కొట్టుకుంటూ కూర్చోవడమే.

పక్కనే జవాబుల కీ కూడా అంటించారు. అభ్యంతరాలుంటే మూడు రోజుల్లో రాసివ్వాలి. ఆమె తన ప్రశ్నపత్రం తెరిచి ఒక్కొక్కటే సరిచూసుకుంటూ వచ్చి, ముప్పై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. రెండు ఇంగ్లీషు వాక్యాలు ఇచ్చి కలపమన్నారు: లిఫ్టు చెడిపోయింది, ముసలాయన అయిదో అంతస్తుకు ఎక్కాడు. ఆమె బి పెట్టింది. ముందు 'ఆల్దో' చేర్చి రెండు వాక్యాలనూ కలిపేసిన జవాబు అది. కీలో సి ఉంది. అందులో ముందు ఆల్దో, మధ్యలో మళ్లీ 'బట్'. చెడిపోయినా ఎక్కాడు అంటే సరిపోయేదానికి, చెడిపోయినా కానీ ఎక్కాడు అని రెండుసార్లు సాగదీసినట్టన్నమాట. ఇంగ్లీషులో అది తప్పు. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదు. ఆ సంగతి ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

అయితే ఆమె ఆగిపోయింది కీ తప్పయినందుకు కాదు. ఆ ప్రశ్న ఎక్కడిదో ఆమెకు తెలుసు. ట్యుటోరియల్ నడిపే మాస్టారి పసుపు పుస్తకంలో రెండు వందల పన్నెండోది. అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసేశారు మహానుభావులు! చివరికి ఎ, బి, సి, డి వరస కూడా అదే. ఆ వరస మాస్టారిది కాదు, ఆమెది.

ఎనిమిదేళ్ల కిందట ఆ పుస్తకం టైపు చేసింది ఆమే. తొంభై ఆరు పేజీలు దాటకూడదని మాస్టారు గీత గీసి చెప్పారు. దాంతో ఆమె ఒక ఒడుపు కనిపెట్టింది. జవాబుల్లో పొట్టివి రెండూ ఒకే వరసలో పట్టేలా వాటి చోట్లు మార్చేది. మార్చిన ప్రతిసారీ వెనకున్న కీలో అక్షరం కూడా మార్చేది. అలా నూట పదిహేను ప్రశ్నలు మార్చింది, నూట పద్నాలుగింటికి కీ దిద్దింది. మిగిలిపోయిన ఆ ఒక్కటే రెండు వందల పన్నెండు. బి, సి చోట్లు మారాయి, కీలో మాత్రం పాత సి అలాగే ఉండిపోయింది.

పుస్తకం వచ్చిన వారానికే చూసుకుని, పరుగున వెళ్లి చెప్పింది పాపం. మాస్టారు చప్పరించేశారు. "అచ్చయిపోయాక ఏం చేస్తాంలే అమ్మాయ్, ఎవడు చూస్తాడు?" అన్నారు. తీరా ఒక కుర్రాడు చూడనే చూశాడు, క్లాసులో నిలబడి అడిగాడు. మాస్టారు తడుముకోలేదు. "అది గట్టి వ్యతిరేకంరా. అంత గట్టిగా ఉన్నప్పుడు పరీక్షల్లో రెండూ వాడొచ్చు. ప్రత్యేక నియమం, రాసుకో," అన్నారు. రాసుకున్నారు. ఆ ఏడు రాసుకున్నారు, పై ఏడు రాసుకున్నారు, ఎనిమిదేళ్లుగా బ్యాచి తరవాత బ్యాచి రాసుకుంటూనే ఉన్నారు. తన చేతి పొరపాటు పక్కగదిలో నియమమై కూర్చుంటే, ఈమె తలుపవతల కూర్చుని వింటూ టైపు కొట్టుకుంది. నోరు పెగల్లేదు. ఉద్యోగం పోతుందని భయం, అంతకు మించి ఏమీ లేదు.

ఇప్పుడా నియమమే తిరిగొచ్చి ఆమె మార్కు పట్టుకుపోయింది.

ఆమె ఇంటికి వెళ్లి అత్తగారికి చెప్పింది. అత్తగారు ముప్పై ఏళ్లు బడిలో ఆయాగా చేసి, పిల్లలనే కాదు, హెడ్మాస్టర్లను కూడా అదిలించిన మనిషి.

"మాస్టారి మీద రాసివ్వాలంటే భయంగా ఉంది అత్తయ్యా."

"ఓసి పిచ్చిదానా! నన్నే లెక్కచేయనిదానివి, ఆ సుద్దముక్కల మనిషికి భయపడతావా? నీకు నిజంగా ఆయనంటే భయమా, తప్పు నీదని నలుగురికీ తెలిసిపోతుందని భయమా?"

ఆ ముసలావిడకు అన్నీ తెలుసు, అదే వచ్చిన చిక్కు.

మర్నాడు పొద్దున్నే అభ్యంతరం కాగితం రాసుకుని ట్యుటోరియల్‌కు వెళ్లింది. చెప్పకుండా చేయడం ఆమె ఒంటికి పడదు. క్లాసు నడుస్తోంది, నలభై మంది ఉన్నారు. మాస్టారు బయటికొచ్చి కాగితం చదివి, కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"నీకేమైనా మతి పోయిందా? ఈ పరీక్ష రాసినవాళ్లలో మన పిల్లలు ఎంతమందో తెలుసా? అందరూ సి పెట్టారు. ఇప్పుడు కీ మారితే అందరికీ మార్కు పోతుంది. నీ ఒక్కదాని కోసం ఇంతమంది పొట్ట కొడతావా?"

"వాళ్లకు తప్పు నేర్పింది ఎవరు మాస్టారూ?"

"ఆ తప్పు కొట్టింది ఎవరు?"

"నేనే. కొట్టింది నేను, ఒప్పుకుంది కూడా నేనే, అదే వారంలో. నియమం చేసింది మాత్రం మీరు. నేను ఎనిమిదేళ్లు నోరు మూసుకున్నాను చూడండి, సిగ్గుపడాల్సింది దానికి. ఇంక మూసుకోను."

ఆయన మొహం ఎర్రబడింది. "ఆ కాగితం ఇచ్చాక మళ్లీ ఈ మెట్లెక్కకు."

"ఎక్కనులెండి."

తలుపు తీసే ఉంది. నలభై తలలూ ఇటే తిరిగి ఉన్నాయి. ఆమె గడప దగ్గర నిలబడి గట్టిగానే చెప్పింది. "రెండు వందల పన్నెండుకు జవాబు బి. సి అని ఉన్నది నా టైపు పొరపాటు. ప్రత్యేక నియమం అనేది లేదు. పుస్తకాల్లో కొట్టేసుకోండి." తరవాత తన చెప్పులు వేసుకుని దిగిపోయింది. ఆ సాయంత్రమే టైర్ల దుకాణం వాడి చేతికిచ్చి, ఆమె డ్రాయరులోని దువ్వెన, గొడుగు పంపించేశారు మాస్టారు. అంత పౌరుషం!

నీళ్ల ఆఫీసులో గుమాస్తా కాగితం తీసుకుని పెదవి విరిచాడు. ప్రశ్నలు తయారుచేసినాయన కీకి ఆధారంగా పసుపు పుస్తకాన్నే చూపించాడట. ఆమె లైబ్రరీ నుంచి తెచ్చిన రెండు వ్యాకరణ పుస్తకాల పేజీలు ముందు పెట్టింది.

"ఇవి సరేనమ్మా, ఆ పుస్తకంలో అలా ఎందుకుందని కమిటీ అడిగితే?"

"నేను టైపు చేసేటప్పుడు చోట్లు మార్చి, కీ మార్చడం మరిచిపోయాను. అది కూడా రాశాను, కింద సంతకం ఉంది."

గుమాస్తా ఆ పేరా చదివి తల పైకెత్తాడు. "అప్లై చేసింది టైపిస్టు పోస్టుకి కదా? టైపులో తప్పు చేశానని మీ చేతులతో మీరే రాసిస్తారా? చూస్తూ చూస్తూ గోతిలో దిగడం కాదూ? ఆ పేరా కొట్టేయండి, నా మాట వినండి."

మనిషి మంచివాడే. కానీ ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదేళ్ల కిందట మాస్టారూ ఇంత మెత్తగానే చెప్పారు.

"కొట్టేయనండీ. తప్పే చేయని టైపిస్టు ఎక్కడైనా దొరికితే ఆ కుర్చీ ఆవిడకే ఇచ్చేయండి. చేసిన తప్పు దాచని మనిషి చాలనుకుంటే నన్ను పిలవండి. ముందు రసీదు ఇవ్వండి."

అతను ముద్ర వేసి రసీదు ఇచ్చాడు.

పన్నెండు రోజులు గడిచాయి. ఆ పన్నెండు రోజులూ ఆమెకు ఇటు పాత కొలువూ లేదు, అటు కొత్తదీ లేదు. అత్తగారు మాత్రం వచ్చినవాళ్లందరికీ, "మా కోడలు మాస్టారిని కడిగిపారేసింది," అని గొప్పగా చెప్పుకుంది. పదమూడో రోజున కొత్త జాబితా అంటించారు. ముప్పై ఎనిమిదికి జవాబు బి. ఆమెకు డెబ్బై ఒకటి. నంబరు గీతకు పైన ఉంది! ఆఫీసు గోడ ముందే కూలబడి, దారిన పోయేవాళ్లు చూస్తున్నా సరే, తనివితీరా ఏడ్చింది.

ఆ సాయంత్రం తలుపు చప్పుడైంది. వచ్చింది ట్యుటోరియల్ అమ్మాయి, మొదటి బల్లలో కూర్చునే కళ్లజోడు పిల్ల. కుట్టుమిషను పని చేసుకుంటూ చదువుకునేది. మొన్నటి జాబితాలో డెబ్బై ఒకటి ఉండి, ఇవాళ్టి దాంట్లో డెబ్బైకి దిగిపోయింది. అక్క పైకొచ్చింది, ఈ పిల్ల కిందికి పోయింది.

టైపిస్టు అక్క లేచి నిలబడింది. సమాధానాలన్నీ సిద్ధంగానే ఉన్నాయి: న్యాయం, నియమం, మాస్టారు. పిల్ల మొహం చూశాక వాటన్నిటినీ పక్కన పెట్టేసింది.

"మీరు చేసింది రైటే అక్కా," అంది పిల్ల నిలబడే. "నేనేం తిట్టడానికి రాలేదు. ఒక్కటే అడుగుతా. పోయినేడు నేను ఆ నియమం నోట్సులో రాసుకుంటున్నప్పుడు మీరు తలుపవతలే ఉన్నారు. నాకు టీ కూడా ఇచ్చారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

లోపల అత్తగారు దగ్గబోయి ఆగింది.

"భయపడ్డాను," అంది టైపిస్టు అక్క. "ఇంకేం లేదు. నా మార్కు పోయేదాకా నాకు ధైర్యం రాలేదు. నీ మార్కు పోతున్నప్పుడు రాలేదు."

పిల్ల కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఏడుస్తుందేమో అనుకుంటే ఏడవలేదు. వచ్చి కుర్చీ లాక్కుని, అడగకుండానే కూర్చుంది.

"నాకింకా పదిహేనేళ్లు టైముంది. ఆరు నెలల్లో మళ్లీ పరీక్ష. మాస్టారు ఇంకా ఏమేం తప్పులు నేర్పారో మీకు తెలుసు, అన్నీ పక్కగదిలో విన్నారు. మొదటినుంచీ చెప్పండి. అన్నీ చెప్పేదాకా నేను లేవను, మిమ్మల్నీ లేవనివ్వను."

టైపిస్టు అక్క ఎదురుగా కూర్చుని మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.