ఎక్కువైన కొమ్ము

ప్రెస్సులో ఆవిడని అందరూ కొమ్ములావిడ అనేవారు. ఎదుటపడి కాదు, అంత ధైర్యం ఎవరికుంది! పాతికేళ్ళ పైచిలుకు ప్రూఫులు దిద్దిన మనిషి. ఏ అక్షరానికైనా కొమ్ము ఎగిరిపోతే మిగతావాళ్ళ కళ్ళు దాటేదేమో గానీ ఆవిడ ఎర్ర కలాన్ని దాటేది కాదు. కంపోజింగు వాళ్ళు ఒకసారి ఆవిడ నెత్తిన రెండు కొమ్ములు పెట్టి బొమ్మ గీశారు. అది ఆవిడ చేతికే చిక్కింది. బొమ్మ కింద రాసిన మాటలో దీర్ఘం తప్పిందని దిద్ది, మళ్ళీ గోడకి అంటించి వెళ్ళిపోయింది.

రిటైరై ఏడాది దాటింది. ఒక గురువారం పొద్దున్న పాత ఎడిటరుగారి కూతురు ఫోన్ చేసింది. తండ్రి నడిపిన పత్రికలోని సాహసాలన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తోందట.

ఆ సాహసాలంటే ఏమిటో కాస్త చెప్పాలి. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరి ఆడే ఆట ఒకటుంది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళలో ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె, ఇంకొకడు దొంగ. "ఎదురుగా గుహ ఉంది, లోపల్నించి గురక వినబడుతోంది, ఏం చేస్తారు?" అంటాడు కథ చెప్పేవాడు. వీళ్ళు ఏం చేస్తారో చెప్పి పాచికలు వేస్తారు. పడిన అంకెని బట్టి బతికి బయటపడడమో, రాక్షసుడికి ఫలహారమైపోవడమో. కథ చెప్పేవాడికి కావలసిన కోట పటం, గదుల నెంబర్లు, ఏ గదిలో ఏముందన్న వివరం, అంతా ఆ పత్రిక నెలకొకటి చొప్పున అచ్చేసేది. దాన్నే సాహసం అనేవారు.

"మీరొకసారి ప్రూఫులు చూసిపెట్టాలండీ," అంది ఆ అమ్మాయి. "మొత్తం నలభై ఒకటి. కాదు, నలభై అనుకోండి. ఆ తలుపు సాహసం తీసేద్దామని ఉంది."

"ఏ తలుపు?" అంది ఆవిడ, ఏమీ ఎరగనట్టు.

"అదేనండీ, తలుపే లేని గదిలోకి పంపించి మూడో తలుపు తెరవమన్నది. పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. రాసింది మీ మరిదిగారేనట కదా, మీకు చెప్పకుండా తీసేయడం బాగుండదని..."

"సోమవారం చెబుతాను," అని ఫోన్ పెట్టేసింది. చెప్పవలసిన మాట అప్పుడే నోటిదాకా వచ్చింది. మింగేసింది. ఇరవై ఆరేళ్ళుగా మింగుతున్న మాటే, అలవాటైపోయింది.

కాగితాలు వచ్చాక ముందు మరిది రాసిన సాహసమే తీసింది. దాన్ని చదవడం అదే మొదటిసారి అంటే నమ్మరు గానీ, నిజం. దిద్దడం వేరు, చదవడం వేరు. దిద్దేటప్పుడు అక్షరాలు కనబడతాయి, కోట కనబడదు. ఇప్పుడు కనబడింది. పదిహేడు గదుల కోట. అందులో తన నీడని అద్దెకిచ్చే కాపలా ముసలాయన ఉన్నాడు. కత్తి చూపిస్తే కదలడు, మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగితే దారి వదులుతాడు. ఆరో గదిలో రాక్షసికి చీకటంటే భయం. ఇరవై ఏళ్ళవాడికి ఇంత మనసు ఎక్కడినుంచి వచ్చిందా అనుకుంది.

చదువుతూ చదువుతూ ఒక సంగతి గమనించి ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. ద్వారం అన్నాడు, గుమ్మం అన్నాడు, వాకిలి అన్నాడు. తలుపు అన్న మాట మాత్రం ఎక్కడా వాడలేదు. పదిహేడో గదిలో గోడ మీది వాక్యం దగ్గర ఎవరూ పొరపాటు పడకుండా ఉండాలని అంత జాగ్రత్తగా రాసుకొచ్చాడు. ఆ గది దగ్గరికి వచ్చేసరికి ఈవిడ కొమ్ము పెట్టింది.

అతను రాసింది, "మూడో తలపు తెరిచినవారికే దారి" అని. తలపు ఏమిటి, తెరవడమేమిటి, తొందరలో కొమ్ము మర్చిపోయి ఉంటాడని, రాతప్రతిలోనే ల పక్కన ఎర్రగా ఒక్క గీత గీసింది. తలపు తలుపైంది. అర నిమిషం కూడా పట్టలేదు.

పత్రిక వచ్చిన పది రోజులకి ఉత్తరాలు మొదలయ్యాయి. "గదికి తలుపే లేదు, మూడోది ఎక్కడ వెతకాలి?" "రచయితగారిని ముందు వాళ్ళింటి తలుపులు లెక్కపెట్టుకోమనండి." ఎడిటరుగారు వాటిని ఏరి ఒక పేజీ నిండా వేశారు. ఆ సాయంత్రమే ఆవిడ రాతప్రతి తీసి చూసుకుంది. అంత స్పష్టంగా రాశాడు, గుడ్డివాళ్ళకి కూడా కనబడేలా. దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

మర్నాడు మరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"వదినా, నేను తలపు అనే రాశాను కదా? రాతప్రతి ఉంటే చూపిస్తానని ఎడిటరుగారికి చెప్పాను. సవరణ వేస్తారట."

ఉద్యోగంలో చేరి అప్పటికి అయిదు నెలలు. కళ్ళలో వత్తులు వేసుకుని పనిచేస్తుందన్న పేరు అప్పుడప్పుడే వస్తోంది. ఎడిటరుగారు ఒక్క తప్పుకే మనుషుల్ని సాగనంపిన రోజులవి. ఇవన్నీ తరవాత తనకి తాను చెప్పుకున్న కారణాలు. ఆ క్షణాన మాత్రం భయం తప్ప ఇంకేమీ లేదు.

"తలుపు అనే ఉంది. నేను చూశాను. రాతప్రతులు ఎప్పటికప్పుడు పారేస్తారు," అంది.

"నువ్వు చూశావంటే ఇంక తిరుగేముంది! అయితే నాదే పొరపాటు," అన్నాడు అతను. తనే వెళ్ళి ఎడిటరుగారికి క్షమాపణ చెప్పుకుని వచ్చాడు. మూడు భాగాలుగా రావలసిన సాహసం, రెండో భాగం పంపనేలేదు. మళ్ళీ కలం పట్టలేదు. ఏడాది పొడుగునా ఇంట్లో ఒకటే వేళాకోళం. భోజనాల దగ్గర ఆవిడ భర్త తమ్ముణ్ణి చూసి, "ఏరా, ఇది ఎన్నో తలుపులోంచి వచ్చిన కూర?" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. అబద్ధం ఆడినందుకన్నా అలా నవ్వినందుకే ఆవిడకి ఎక్కువ సిగ్గుగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం మరిది ఇంటికి వెళ్ళింది. అతనిప్పుడు లిఫ్టు మెకానిక్కు. తోటికోడలు పనిమీద బయటికెళ్ళింది. బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి, లిఫ్టు తలుపుల కింద ఉండే చక్రాలు వరసగా పెట్టుకుని నూనె వేస్తున్నాడు.

"రా వదినా, కూర్చో. చూశావా, తలుపులు నన్ను వదల్లేదు. ఎక్కడ ఇరుక్కుపోయినా నాకే ఫోన్," అని తనమీద తనే నవ్వుకున్నాడు.

ఆవిడకి నవ్వు రాలేదు. పుస్తకం సంగతి చెప్పింది, ఆ సాహసం తీసేద్దామంటున్నారని కూడా చెప్పింది.

"తీసేయనీ. పీడా పోతుంది."

"పదిహేడో గది ఎలా దాటాలి? ఆ వాక్యంతోనే ఆపేశావు."

చక్రం తిప్పుతున్న చెయ్యి ఆగింది. "ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదే?"

"ఇప్పుడు అడుగుతున్నాగా. చెప్పు."

"ఊరికే చెప్పకూడదు. ఆడాలి." లేచి చేతులు తుడుచుకుని, మరమేకుల డబ్బాలో అడుగునుంచి రెండు పాచికలు వెతికి తీశాడు. ఆవిడ తెచ్చిన ప్రూఫు తిప్పి చివరి పేజీకి వచ్చాడు. మొహంలో ఏదో వెలుగు వచ్చింది, ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా చూడని వెలుగు. "నువ్వెవరివి?"

"ప్రూఫ్ రీడర్ని."

"అలాంటి పాత్ర లేదు."

"అయితే దొంగని."

"సరే, దొంగా, విను. నువ్వు గదిలోకి అడుగు పెట్టావు. వచ్చిన దారి మూసుకుపోయింది. నాలుగు వైపులా రాయి. గోడ మీద ఒక వాక్యం చెక్కి ఉంది." కాగితంలోకి చూసి గొంతు తగ్గించాడు. "మూడో తలుపు..."

"తలపు," అంది ఆవిడ.

"అలాగే అనుకున్నాను. రాయడంలో తప్పు పడింది." కాసేపు పాచికలు అరచేతిలో ఆడించాడు. "మనిషికి మూడు తలపులుంటాయి వదినా. ఒకటి ఎవరికైనా చెప్పేది. రెండోది ఇంట్లోవాళ్ళకి చెప్పేది. మూడోది ఎవ్వరికీ చెప్పనిది. అది పైకి చెబితే గోడ కదులుతుంది. ఆడేవాళ్ళు నిజంగా చెప్పాలి, పాచికలు అక్కర్లేదు. అదీ ఆ గది."

ఇంక నీళ్ళు నమలడానికి దారి లేదు. ఆవిడ ఇన్నేళ్ళూ దాచిన రాతప్రతిని సంచిలోంచి తీసి బల్లమీద, ఆ చక్రాల పక్కన పెట్టింది.

"నువ్వు తలపు అనే రాశావు. కొమ్ము పెట్టింది నేను. నువ్వొచ్చి అడిగిన రోజున ఈ కాగితం నా సంచిలోనే ఉంది. ఉద్యోగం పోతుందేమోనని అబద్ధం చెప్పాను. తరవాత చెబుదామంటే, తరవాతకి తరవాత వచ్చింది."

అతను కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తన అక్షరం కనుక్కుని, దాని పక్కన ఎర్రగీతని బొటనవేలితో తడిమాడు.

"నాకు కొమ్ములు రావనుకున్నాను," అన్నాడు. "ఇప్పటికీ ఏ కాగితమైనా మీ తోటికోడలితోనే రాయిస్తాను. రిపేరు రిపోర్టు కూడా. నా రాత మీద నాకు నమ్మకం లేక."

ఆవిడకి ఏడుపు ఆగలేదు. "తిట్టు. నాలుగు మాటలు అను. రేపే ఫోన్ చేసి చెబుతాను. తప్పు రాసినవాళ్ళది కాదు, దిద్దినదానిదని అచ్చేయిస్తాను, నా పేరుతో సహా."

"వేయించు," అన్నాడు. పర్వాలేదని మాత్రం అనలేదు. ఆవిడ ఆ మాట కోసం ఎదురుచూసి, అది రాదని తెలుసుకుంది.

అతను రాతప్రతిని మడవకుండా జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు. పాచికలు పక్కకి జరిపాడు.

"గోడ కదిలింది," అన్నాడు, ఆట ఇంకా అవలేదన్నట్టు.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "అవతల ఏముంది?"

"రెండో భాగంలో రాద్దామని పెట్టుకున్నాను." చాలాసేపు ఆలోచించాడు. నుదురు చిట్లించి, గోడవైపు చూస్తూ, నిజంగానే వెతికాడు.

"అప్పుడు తెలుసు వదినా," అన్నాడు. "ఇప్పుడు గుర్తు రావడం లేదు."